రాక్షసబల్లికి చుట్టం మన పెరటి కోడి

డైనోసార్‌ను తెలుగులో 'రాక్షసబల్లి' అంటాం. ఆ మాట చెవిన పడగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి కనుక నాకు ఆ పేరంటే చాలా ఇష్టం. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గ్రీకు మాటలను కలిపి 'డైనోసారియా' అనే పదాన్ని కల్పించినప్పుడు ఆయన మనసులో ఉన్నదీ దాదాపు ఇదే: భయం గొలిపేంత పెద్ద బల్లి. అయితే ఆ తరువాత రాళ్లలోంచి బయటపడిన ఎముకలు ఈ పేరును కొంచెం కొంచెంగా సరిదిద్దుతూ వచ్చాయి. గోడ మీది బల్లిని గమనించండి. దాని కాళ్లు ఒంటికి రెండు పక్కలా చాపుకొని ఉంటాయి. డైనోసార్ కాళ్లు అలా కాక మండపానికి స్తంభాల్లా తిన్నగా ఒంటి కిందికి దిగుతాయి. దానికి దగ్గరి చుట్టాలు పక్షులు, ఆ తరువాత మొసళ్లు. బల్లులది దూరపు బంధుత్వమే. ఇక రాక్షసాకారం మాటకొస్తే, కోడిని మించని డైనోసార్లూ ఉండేవి.

వాటి రూపాన్ని ఊహించుకోవడంలో జనానికున్న ఉత్సాహం ఆ పేరుకన్నా తక్కువదేమీ కాదు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తోటలో నిలపడానికి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి నిలువెత్తు డైనోసార్ విగ్రహాలను తయారు చేస్తూ, 1853 డిసెంబర్ 31 రాత్రి ఇగ్వానోడాన్ అనే డైనోసార్ విగ్రహపు అచ్చులోనే బల్ల వేయించి శాస్త్రవేత్తలకు విందు ఇచ్చాడు. ఆ జంతువు కడుపులో కూర్చుని ఇరవై మంది దాకా భోజనం చేశారు. తల ఉన్న చోట ఓవెన్ కూర్చున్నాడు. ఆ విగ్రహాలు నేటికీ అక్కడే ఉన్నాయి, ఇగ్వానోడాన్ ముక్కు మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు కొమ్ము కూడా ఉంది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో, భూమికి మూడు వందల మీటర్లకు పైగా లోతున, ఇగ్వానోడాన్ల పూర్తి అస్థిపంజరాలు ముప్పైకి పైగా దొరికాకే అది కొమ్ము కాదని, బొటనవేలి ముల్లు అని తేలిపోయింది. ముక్కు మీది కొమ్ము చేతికి చేరడానికి పాతికేళ్లకు పైగా పట్టిందన్నమాట.

మన తరానికి క్రిస్టల్ ప్యాలెస్ విగ్రహాల స్థానంలో నిలిచింది 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' సినిమా. అందులో అందరినీ వణికించిన వెలాసిరాప్టర్ నిలబడితే మనిషంత ఎత్తు ఉంటుంది. నిజమైన వెలాసిరాప్టర్ మంగోలియాలోని గోబీ ఎడారిలో దొరికింది, 1924లో దానికి పేరు పెట్టారు. దాని నడుము ఎత్తు సుమారు అర మీటరు, బరువు పదిహేను కిలోల పైచిలుకు. తోకను మినహాయిస్తే టర్కీ కోడి పక్కన నిలబెట్టదగిన ప్రాణి. సినిమాలోని ఆకారానికి దగ్గరగా ఉన్నది అమెరికాలోని మోంటానాలో దొరికిన దాని బంధువు డైనోనికస్. మరోవైపు, ఆరు మీటర్ల పొడవుండే డైలోఫోసారస్‌ను సినిమావాళ్లు బాగా చిన్నది చేసి, మెడ చుట్టూ విచ్చుకునే పొరను, ఉమ్మే విషాన్ని దానికి తగిలించారు. ఈ రెంటికీ శిలాజాల్లో ఆధారం లేదు. సినిమాలో టి. రెక్స్ (టైరనోసారస్ రెక్స్ అనే భారీ మాంసాహార డైనోసార్) గర్జనలో పిల్ల ఏనుగు ఘీంకారం ఉంది. రాప్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నట్టు వినిపించే కూతల్లో జతకట్టే తాబేళ్లు చేసే చప్పుళ్లు ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక ఆ సన్నివేశాలను మళ్లీ చూస్తే ఇంకా ముద్దుగా ఉంటాయి.

సినిమా పేరులో జురాసిక్ ఉన్నా టి. రెక్స్, ట్రైసెరటాప్స్, వెలాసిరాప్టర్ మూడూ జురాసిక్ తరువాత వచ్చిన క్రెటేషియస్ కాలానివి. జురాసిక్ కాలపు స్టెగోసారస్‌కూ టి. రెక్స్‌కూ నడుమ దాదాపు ఎనిమిది కోట్ల ఏళ్లు గడిచాయి, టి. రెక్స్‌కూ మనకూ మధ్య ఉన్నది ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్లే.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసిన వార్త 2007 నాటిది. మంగోలియాలో దొరికిన ఒక వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరుసగా సమాన దూరంలో ఆరు చిన్న బుడిపెలు కనిపించాయి. నేటి పక్షుల్లో అలాంటి బుడిపెలుండేది పెద్ద ఈకలు ఎముకకు అతుక్కునే చోట. ఎగరలేని ఆ ప్రాణి చేతులకు ఈకలుండేవనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. 1996లో చైనాలో వెలుగు చూసిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఒంటి నిండా నూగు ఉంది. దాని తోక మీద ఎరుపు కలిసిన గోధుమరంగు పట్టీలు ఉండేవని, నూగులో మిగిలిన రంగు రేణువులను పరిశీలించి 2010లో చెప్పగలిగారు.

ఈ బంధుత్వాన్ని చూడటానికి మ్యూజియం దాకా వెళ్లనక్కర్లేదు. కోడిని కోసేటప్పుడు మెడ మొదట్లో, రొమ్ముకు ముందు పంగలకర్ర ఆకారంలో ఒక సన్నని ఎముక దొరుకుతుంది. రెండు జత్రుకలు (కాలర్ ఎముకలు) అతుక్కొని ఏర్పడిన ఆ ఎముక వెలాసిరాప్టర్‌కూ ఉంది, టి. రెక్స్‌కూ ఉంది. పెరట్లో గింజలు ఏరుకునే కోడి కాలిని దగ్గరగా చూస్తే వరుసలు తీరిన పొలుసులు, ముందుకు చాచిన మూడు వేళ్లు కనిపిస్తాయి. మాంసాహార డైనోసార్లు బురదలో వదిలిన అడుగుజాడలూ మూడు వేళ్లవే.

అచ్చంగా జురాసిక్ కాలానికి చెందిన జీవిని చూడాలనుకుంటే తెలుగువారికి హైదరాబాద్ చాలు. ప్రాణహిత–గోదావరి లోయలో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారు సుమారు 840 ఎముకలు తవ్వి తీశారు. అవి కనీసం పన్నెండు జంతువులవి. 1988లో పి. యాదగిరి ఆ జీవికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలకు ఎక్కడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే విషయం. అదే లోయలో సిరొంచ వైపు దొరికిన మరో పొడవు మెడ డైనోసార్ బరాపాసారస్ టాగోరై, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి గుర్తుగా ఆయన పేరును మోస్తోంది.

కోటాసారస్ అస్థిపంజరం బిర్లా సైన్స్ మ్యూజియంలో నాలుగు కాళ్ల మీద, పొడవాటి మెడతో నిలబడి ఉంది. అన్నేసి ఎముకలు దొరికినా దాని పుర్రె మాత్రం యామన్‌పల్లి మట్టిలో దొరకలేదు. దొరికినవి రెండు పళ్లు. అది ఏ ముఖంతో ఆ లోయలో ఆకులు మేసిందో చెప్పగల తల ఇంకా ఆ రాతిపొరల్లోనే ఉండవచ్చు.