ఊపు అయిపోయిన బంతి: భౌతికశాస్త్రంలో భావన పరీక్షల పుట్టుపూర్వోత్తరాలు

బంతిని నిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలేసింది, ఇంకా పైకి పోతూనే ఉంది. గాలి సంగతి పక్కన పెడితే ఈ క్షణాన బంతి మీద పనిచేస్తున్న బలాలేమిటి? న్యూటన్ నియమాలు మూడూ తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలను అడిగి చూడండి. తరచుగా వినిపించే జవాబు ఇది: ‘పైకి విసిరిన బలం ఒకటి, కిందికి లాగే భూమ్యాకర్షణ ఒకటి. పైబలం తగ్గుతూ పోయి రెండూ సమానమైన చోట బంతి ఆగుతుంది.’ వినడానికి సబబుగానే ఉంటుంది కానీ తప్పు. చేయి వదిలిన మరుక్షణం నుంచి బంతి మీద ఉన్నది దాని భారం ఒక్కటే. పైకి పోతున్నప్పుడూ అదే, శిఖరం దగ్గర అదే, దిగుతున్నప్పుడూ అదే.

అదే విద్యార్థికి 2 కిలోల వస్తువు, 10 న్యూటన్ల బలం ఇచ్చి త్వరణం ఎంతని అడిగితే సెకన్లలో 5 అని రాస్తాడు. రెండు మార్కులూ పడతాయి. బలమంటే ఏమిటో తెలియకుండానే బలం లెక్క చేయవచ్చన్నమాట. ఈ సంగతి బోధించేవాళ్లకు ఎప్పటి నుంచో లీలగా తెలుసు. దాన్ని కొలవడానికి భావన పరీక్ష అనే పనిముట్టు తయారైంది మాత్రం 1980లలోనే.

అంతకుముందు కొంత దారి పడింది. ఫ్రాన్స్‌లో లారెన్స్ వియెన్నో 1979లో అచ్చువేసిన పరిశోధనలో ఒక గారడీవాడు బంతులు ఎగరేస్తుంటాడు. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో వేగంతో పోతోంది. వాటి మీది బలాలు సమానమేనా? సమానం కాదన్నవాళ్లు చాలామంది. బంతి ఎటు పోతుంటే అటు బలం ఉండి తీరాలన్నది వాళ్ల లెక్క. 1982లో అమెరికాలో జాన్ క్లెమెంట్ పైకి ఎగరేసిన నాణెంతో ఇంజినీరింగ్ విద్యార్థులను పరీక్షించి ఇదే రాబట్టాడు. మరుసటి ఏడాది మనస్తత్వవేత్త మైఖేల్ మెక్‌క్లాస్కీ ఈ తప్పులకు వంశవృక్షం గీశాడు. విసిరినవాడు వస్తువులోకి ఏదో ఎక్కిస్తాడు, అది అయిపోయేదాకా వస్తువు నడుస్తుంది. 14వ శతాబ్దంలో పారిస్ పండితుడు జాన్ బురిడాన్ చెప్పిన సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం. మనకు ఆ పండితుడితో పనిలేదు, తెలుగులో ఆ సిద్ధాంతానికి సొంత పేరే ఉంది: ఊపు. ‘బంతి ఊపు అయిపోయి పడిపోయింది’ అని ఎవరన్నా మనం తప్పు పట్టం.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టినెస్ 1985లో ఈ చెదురుమదురు ఫలితాలను ఒక పరీక్షగా కూర్చారు. కోర్సు మొదట్లో పెట్టారు, చివర్లో పెట్టారు. కోర్సంతా విన్నాక కూడా పెరుగుదల కొంచెమే. పాఠం చెప్పినవాడు మంచి వక్త అయినా కాకపోయినా పెద్దగా తేడా కనపడలేదు. టెంపీలోని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మాల్కం వెల్స్ దాన్ని తన పిల్లలకు పెట్టాడు. ప్రయోగాలతో పాఠం చెప్పడంలో పేరున్న మనిషి, అయినా వచ్చిన ఫలితం చూసి కంగుతిన్నాడు. బోధన పద్ధతినే మార్చుకుని, దాని మీదే హెస్టినెస్ దగ్గర డాక్టరేట్ చేశాడు. 1992లో హెస్టినెస్, వెల్స్, ఇల్లినాయ్ ఉపాధ్యాయుడు గ్రెగ్ స్వాక్‌హామర్ కలిసి పరీక్షకు కొత్త రూపమిచ్చారు. అదే ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’. మొదట 29 ప్రశ్నలు, 1995 సవరణలో 30. ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులు, అరగంట సమయం, లెక్కలు అసలే ఉండవు. ముగ్గురిలో ఇద్దరు బడి ఉపాధ్యాయులన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఈ తరహా ప్రశ్నలు బాధించవనుకున్నాడు. 1990లో పెట్టి చూస్తే ఒక విద్యార్థిని లేచి అడిగింది: మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని. తర్వాత ఒక పరీక్షలో ఆయన విద్యుత్తు మీద రెండు ప్రశ్నలు పక్కపక్కన ఇచ్చాడు. ఒకటి రెండు వలయాల సర్క్యూట్‌లో కరెంటు కట్టే లెక్క. రెండోది శ్రేణిలో ఉన్న మూడు ఒకే రకం బల్బుల్లో ఒకదానికి అడ్డంగా ఉన్న స్విచ్ మూస్తే మిగతావాటి వెలుగు ఏమవుతుందనేది. రెండోది చాలా తేలిక. అయినా పదికి సగటు మార్కులు లెక్కకు 6.9, తేలిక ప్రశ్నకు 4.9.

1998లో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ హేక్ 62 కోర్సుల నుంచి ఈ తరహా పరీక్షలు రాసిన 6,542 మంది ఫలితాలు పోగేశాడు. అందులో 14 కోర్సులు, 1,113 మంది ఉన్నత పాఠశాలల వాళ్లు. మొదటి పరీక్షలో 20 వచ్చిన తరగతినీ 60 వచ్చిన తరగతినీ పోల్చడమెలా? అందుకు ఆయన వాడిన కొలత సులువు: పెరగడానికి ఎంత చోటుందో, అందులో ఎంత పెరిగారు. మొదట సగటు 30 శాతం, చివర 51 అనుకుందాం. పెరిగింది 21, పెరగగలిగింది 70, లాభం 0.30. ఉపన్యాసమే ప్రధానమైన 14 కోర్సుల్లో ఈ లాభం సగటున 0.23. పిల్లలు పాఠం మధ్యలోనే ఆలోచించి, ఒకరితో ఒకరు వాదించుకుని, వెంటనే సరిచూసుకునే 48 కోర్సుల్లో 0.48. అమెరికా ఉన్నత పాఠశాలల్లో హెస్టినెస్ బృందం చూసిన సగటులు కూడా ఇదే తీరు: పాఠానికి ముందు 26 శాతం, మామూలు బోధన తర్వాత 42, వెల్స్ పద్ధతిలో బాగా తర్ఫీదైన ఉపాధ్యాయుల దగ్గర 69. ఐదు జవాబుల పరీక్షలో కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా 20 వస్తుంది, కాబట్టి ఆ 26ను ఏమంత గొప్పగా చూడక్కర్లేదు.

ఇంత చిన్న పరీక్షకు అంత పదును ఎక్కడిది? తప్పు జవాబుల్లో ఉంది. మన బిట్ పేపర్ చూడండి. త్వరణానికి ప్రమాణం ఏదంటే మీటర్/సెకను, మీటర్/సెకను², న్యూటన్, జౌల్ అని నాలుగు ఇస్తారు. ఆ మూడు తప్పులనూ ఎవరూ నమ్మరు, అవి ఖాళీ నింపడానికి పెట్టినవి. తప్పు పెట్టినవాడికి గుర్తులేదని తప్ప వాటి నుంచి ఏమీ తెలియదు. భావన పరీక్షలో ప్రతి తప్పు జవాబునూ ఎవరో ఒక పిల్లవాడు నిజంగా నమ్మి చెప్పి ఉండాలి. అందుకే తయారీ ప్రశ్నతో మొదలవదు. ముందు 15, 20 మందిని విడివిడిగా కూర్చోబెట్టి, వస్తువు చేతిలో పెట్టి, ‘ఎందుకలా అనుకుంటున్నావు’ అని అడిగి, వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. తర్వాత అదే ప్రశ్నను ఒకటి రెండు తరగతులకు జవాబులివ్వకుండా ఇచ్చి, రాసిన కారణాలను కుప్పలుగా వేరుచేయాలి. పెద్ద కుప్పలే తప్పు జవాబులవుతాయి.

పైకి పోతున్న బంతినే తీసుకుంటే అవి ఇలా వస్తాయి. ఎ) పైకి నెట్టే బలం తగ్గుతూ ఉంటుంది, భారం మారదు. బి) పైకి నెట్టే బలం మారదు, భారం పెరుగుతూ ఉంటుంది. సి) భారం ఒక్కటే. డి) పైకి పోయేటప్పుడు పైకి నెట్టే బలం ఒక్కటే, దిగేటప్పుడు భారం ఒక్కటే. ఇ) శిఖరం దగ్గర ఏ బలమూ ఉండదు. ఇక్కడో పొరపాటు దొర్లింది, కనిపెట్టారా? ప్రశ్న ‘పైకి పోతుండగా’ అని అడిగితే ‘ఇ’ దానికి జవాబే కాదు. ‘డి’, ‘ఇ’ రెండూ నమ్మే పిల్లవాడు ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియక ఆగిపోతాడు. ప్రశ్నను ‘చేయి వదిలినప్పటి నుంచి తిరిగి చేతికి వచ్చేదాకా’ అని మార్చాలి, లేదా శిఖరాన్ని వేరే ప్రశ్నగా అడగాలి. మొదటి ముసాయిదాలో ఇలాంటివి తప్పవు.

40 మంది మీద పెట్టి చూశారనుకుందాం. 14 మంది సరిగా చెబితే కఠినత సూచిక, అంటే సరిగా చెప్పినవాళ్ల వంతు, 0.35. తర్వాత మొత్తం మార్కుల వరుసలో పైనుంచి 27 శాతం, అంటే 11 మందిని, కిందినుంచి 11 మందిని తీయాలి. పైవాళ్లలో 8 మంది, కిందివాళ్లలో 3 మంది సరిగా రాస్తే (8−3)/11, అంటే పైవాళ్లనూ కిందివాళ్లనూ ప్రశ్న ఎంత వేరుచేస్తుందో చెప్పే విచక్షణ సూచిక 0.45. 0.3 దాటితే ప్రశ్నను ఉంచవచ్చు. రుణసంఖ్య వస్తే పిల్లల్ని అనుమానించే ముందు కీ చూసుకోవాలి, ఆ తర్వాత ప్రశ్న వాక్యం చూసుకోవాలి. 40 మందిలో ఒక్కరూ ముట్టని తప్పు జవాబు దండగ. బాగా చదివేవాళ్లంతా ఒకే తప్పు జవాబు మీద గుమికూడితే మాత్రం ఆ ప్రశ్నను పారేయకండి, పాఠం చెప్పాల్సిన చోటు అదే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆలోచన కాగితం మీదికి ఆలస్యంగా వచ్చింది కానీ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ‘రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం–2011’ తర్వాత వచ్చిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో విద్యాప్రమాణాల జాబితాలో మొదటిది విషయావగాహన. 2014–15లో పదో తరగతిలో 80 మార్కులు వార్షిక పరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి వేరుచేశారు. ప్రశ్నల్లో ‘ఎందుకు’, ‘ఏమవుతుంది’ అన్నవి పెరిగాయి. వాటి జవాబులు గైడుల్లోకి చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. గైడులో జవాబు దొరికే ‘ఎందుకు’ ప్రశ్న భావనను కొలవదు, కంఠస్థాన్నే మరో దారిలో కొలుస్తుంది.

అంతకన్నా లోతైన చిక్కు భాషలో ఉంది. బయటి పరీక్షను మక్కీకి మక్కీ తెలుగు చేసి పెడితే అది వేరే పరీక్ష అవుతుంది. ‘స్థిర వడితో కదులుతున్న పెట్టె’ అని రాస్తే ‘స్థిరంగా ఉంది’ అన్న వాడుక గుర్తొచ్చి పెట్టె ఆగి ఉందని చదివే పిల్లలుంటారు. ‘వడి మారకుండా కదులుతోంది’ అంటే ఆ ఇబ్బంది లేదు. పుస్తకంలో వడి, వేగం వేరు. ఇంట్లో రెండూ ఒకటే. మాటల్లో బలం మనిషికి ‘ఉండేది’; భౌతికశాస్త్రంలో అది ఒకదాని మీద మరొకటి చూపేది. అందుకని ‘బంతికి ఏ బలం ఉంది’ అని ఎప్పుడూ అడగకూడదు, ‘బంతి మీద ఏవేవి బలం చూపుతున్నాయి’ అని అడగాలి. ‘ప్రతిచర్య’ అనగానే ముందొకటి జరిగి తర్వాత బదులు తీర్చుకోవడం స్ఫురిస్తుంది. లారీ, ఆటో గుద్దుకున్న ప్రశ్నలో లారీయే ఎక్కువ బలం చూపిందని పొరబడడానికి ఈ మాట కూడా ఒక చేయి వేస్తుంది. ఇంగ్లిష్ మీడియం అయినంత మాత్రాన ఇవి పోవు. ప్రశ్న ఇంగ్లిష్‌లో చదివినా ఊహ ఇంటి మాటలోనే నడుస్తుంది, కాబట్టి ముందు జరిపే ముఖాముఖి తెలుగులోనే జరగాలి.

విద్యుత్తులో మరీ. నెలనెలా ఇంటికొచ్చేది ‘కరెంటు బిల్లు’. కొలిచేది శక్తిని, పేరు మాత్రం కరెంటుది. కరెంటు ఖర్చవుతుందని రోజూ అనే పిల్లవాడు శ్రేణిలో రెండు బల్బులుంటే మొదటిది కొంత వాడేసుకుంటుంది, రెండోది మసగ్గా వెలుగుతుందని చెప్పడంలో వింతేముంది? దీన్ని బల్బులతో చూపించబోతే ఇంకో గండం. బజారులో కొన్న రెండు టార్చి బల్బులు ఒకే ముద్ర ఉన్నా అచ్చంగా ఒకేలా వెలగవు. రెండోది నిజంగానే మసగ్గా ఉంటే పిల్లవాడి తప్పే రుజువై కూర్చుంటుంది. ముందుగా ఒక్కోదాన్ని అదే సెల్‌కు పెట్టి చూసి, సమానంగా వెలిగే జతను ఏరుకోవాలి. తరగతిలో రెండింటి స్థానాలూ తారుమారు చేసి చూపాలి. అప్పుడు కాస్త మసక మిగిలినా అది బల్బుతో పాటే చోటు మారుతుంది, స్థానాన్ని పట్టుకుని ఉండదు.

ఈ పరీక్షల మీద విమర్శలు లేకపోలేదు. ఇన్వెంటరీ ఆరు భావనలను కొలుస్తుందని రచయితలు చెప్పారు. 1995లో డగ్లస్ హఫ్‌మన్, పట్రీషియా హెల్లర్ గణాంకాలతో పరీక్షిస్తే విద్యార్థుల జవాబులు ఆ ఆరు గుంపులుగా విడలేదు. అందుచేత ‘మూడో నియమంలో మా తరగతి 60 శాతం’ లాంటి ముక్కల తీర్పులకు దూరంగా ఉండి మొత్తం మార్కునే నమ్మడం మేలు.

లెక్కలు ఎక్కువ చేయిస్తే భావన దానంతటదే వస్తుందా? 2002లో కొరియా పరిశోధకులు కిమ్, పాక్ 27 మంది విద్యార్థులను చూశారు. కళాశాలలో చేరేముందు ఒక్కొక్కరు 300 నుంచి 2,900 దాకా లెక్కలు చేసినవాళ్లు. చేసిన లెక్కల సంఖ్యకూ భావనల పట్టుకూ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. ఇంటర్ కోచింగ్ మెటీరియల్ మోసే పిల్లల ఇళ్లలో చెప్పుకోవాల్సిన ఫలితమిది. కానీ 2009లో లే బావో బృందం చైనా, అమెరికా విద్యార్థులను పోలిస్తే ఇన్వెంటరీలో చైనావాళ్ల సగటు దాదాపు 86 శాతం, అమెరికావాళ్లది 49. ఎనిమిదో తరగతి నుంచీ ఏళ్ల తరబడి సాగే భౌతికశాస్త్రం ఊరికే పోలేదు. శాస్త్రీయ తర్కాన్ని కొలిచే ఇంకో పరీక్షలో మాత్రం ఇద్దరూ 74, 75 దగ్గరే ఉన్నారు. ఈ రెండు ఫలితాల్లో తనకు నచ్చిన ఒక్కదాన్నే చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు.

వాడుకలో చెడేది ఎక్కువగా ఒక్కచోటే. ఈ పరీక్షకు మార్కులు కట్టి రికార్డులో ఎక్కించిన రోజున ప్రశ్నలు బయటికి పోతాయి, తర్వాతి బ్యాచ్ జవాబులు నేర్చుకుని వస్తుంది, ఏళ్ల కష్టం బూడిదలో పోసినట్టవుతుంది. అందుకే ఇన్వెంటరీని ఉపాధ్యాయులని రుజువు చూపినవాళ్లకే ఇస్తారు. మన బడిలో మనం తయారు చేసుకున్నదైనా అంతే. పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి పెట్టాలి. మొదటిసారి తర్వాత జవాబులు చర్చించకూడదు. ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. రెండుసార్లూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. మొదటిసారి 40 మంది, రెండోసారి 33 మంది ఉంటే, రాని ఆ ఏడుగురు తక్కువ మార్కులవాళ్లే అయితే పాఠం ఏమీ చేయకపోయినా తరగతి సగటు పైకి లేస్తుంది.