మూల మీది చెత్త కుండీ ఎందుకు తీసేశారు?

"కుండీ మున్సిపాలిటీ వాళ్లే తీసేశారు, మళ్లీ బయట వేస్తే ఫైన్ అంటారు." హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కాలనీ సంఘం మీటింగుల్లో వినిపించే మాటే ఇది. కోపంలో న్యాయం ఉంది. అయితే కుండీ తీసేయడం వెనక పాతికేళ్లు దాటిన చరిత్ర కూడా ఉంది.

మున్సిపాలిటీ చెత్తకు ఒకప్పుడు గిరాకీ ఉండేది. పొయ్యి బూడిద, విస్తరాకులు, కూరగాయల తొక్కలు, పేడ: ఊరి చెత్తలో మూడొంతులు ఇవే. ఇందోర్‌లో వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924–31 మధ్య ఇలాంటి వ్యర్థాలను తిరగేస్తూ ఎరువు చేసే పద్ధతిని రూపొందించారు. 1930ల చివర్లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య తిరగేసే పని లేకుండా చేశారు. మీటరు లోతు కందకంలో 15 సెంటీమీటర్ల మందాన చెత్త, దాని మీద 5 సెంటీమీటర్ల మలం, మళ్లీ చెత్త. ఇలా పొరలు పొరలుగా నింపి పైన మట్టి కప్పేస్తే ఆరు నెలలకల్లా ఎరువు సిద్ధం. పట్టణాలు ఆ ఎరువును రైతులకు అమ్ముకునేవి.

ఆ లెక్కను తలకిందులు చేసింది ప్లాస్టిక్ కవరు. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, చిరిగిన కవర్లు ఉన్న ఎరువును ఏ రైతు పొలంలో చల్లుకుంటాడు? కొనేవాడు పోయాక చెత్తకు మిగిలిన దారి డంపింగ్ యార్డే. విడివిడిగా ఉంటే ఎరువూ పాత సామానూ అయ్యే సరుకు, కలిస్తే ఎందుకూ కొరగాదు. అది కలిసే మొదటి చోటు వీధి కుండీ. ఇంట్లో ఎంత జాగ్రత్తగా వేరు చేసినా అక్కడికెళ్లాక అంతా ఒకటే. పైగా కుండీ నిండాక చెత్త చుట్టూ పడుతుంది, కుక్కలూ ఆవులూ ఈడుస్తాయి, వాన పడితే కాలువలోకి పోతుంది.

దేశం ఉలిక్కిపడింది 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు. లక్షల మంది ఊరు విడిచిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారాలను జోన్లకు పంచి, అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, రాత్రిపూట ఊడ్పించి ఊరి రూపం మార్చారు. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ చెత్త నిర్వహణపై సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశారు. కోర్టు 1998లో అసీం బర్మన్ అధ్యక్షతన కమిటీ వేసింది, మరుసటి ఏడాది నివేదిక వచ్చింది, 2000లో మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఇంటింటి సేకరణ, తడి పొడి వేరు చేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. శుద్ధి కేంద్రాలకు పెట్టిన గడువు 2003 డిసెంబరు 31. ఆ గడువును చాలా పట్టణాలు పట్టించుకోనే లేదు.

పట్టించుకున్న కొద్ది ఊళ్లలో అప్పటి నల్లగొండ జిల్లా సూర్యాపేట ఒకటి. కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటింటికీ రెండు డబ్బాలు చేర్చి, బండి గుమ్మం దగ్గరికి రావడం అలవాటు చేశాక కుండీలు ఎత్తేశారు. ఈ వరుస ముఖ్యం. ముందు కుండీ తీసేసి తర్వాత బండి సంగతి చూద్దామన్న చోటల్లా వ్యవహారం బెడిసికొట్టింది.

కవర్ల సంగతి వేరే దారిలో నడిచింది. కనీస మందం 1999లో 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఈ పెంపు ఎందుకో తూకం వేస్తే తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవున్న కవరు 20 మైక్రాన్లదైతే రెండు గ్రాములకు కాస్త ఎక్కువ. కిలో కావాలంటే దాదాపు 450 ఏరాలి. 120 మైక్రాన్లదైతే 75 చాలు. చెత్త ఏరుకునేవాళ్లు పల్చటి కవరును వదిలేసి సీసాను తీసుకోవడం బద్ధకం కాదు, కూలి గిట్టక.

హైదరాబాద్‌లో 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు దిగాయి, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. 2016 ఏప్రిల్ 8న వచ్చిన నిబంధనలు మూడో రకాన్నీ చేర్చాయి: బ్యాటరీలు, మందులు, పురుగుమందు డబ్బాల వంటి ప్రమాదకర చెత్త. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు విడిగా చుట్టివ్వాలన్నాయి. లైసెన్సు లేని చోట వందమందికి మించిన ఫంక్షన్ చేసేవాళ్లు మూడు పనిదినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలనీ అందులో పెట్టారు. ఈ రూలు ఎవరికైనా గుర్తుందా అన్నది వేరే కథ.

కలిసే చోటు ఇప్పుడు ఆటో ట్రాలీలోకి మారింది. మధ్యలో పలక పెట్టి సగం తడికి, సగం పొడికి ఇస్తారు. కానీ ఒకే బరువుకు పొడి చెత్త ఎన్నో రెట్లు ఎక్కువ చోటు పట్టేస్తుంది. సగం వీధులు తిరిగేసరికి పొడి వైపు నిండుతుంది. ఆ తర్వాతి ఇళ్లవి తడి వైపే పడతాయి. అది చూసిన ఇల్లాలు మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తుంది. పొడికి పక్కన గోనె సంచులు వేలాడదీసినా, వారంలో రెండు రోజులు పొడికే కేటాయించినా ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో కంపాక్టర్ యంత్రం నొక్కేశాక మాత్రం తడిసిన అట్టను ఎవరూ విడదీయలేరు.

రెండో చిక్కు వేళది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి ఆటో తొమ్మిదింటికి వస్తే, కవరు ముడేసి స్కూటర్ ముందు పెట్టుకుని పాత కుండీ ఉన్న మూలనే విసిరేస్తారు. హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ భాషలో ఆ మూల పేరు జీవీపీ, అంటే గార్బేజ్ వల్నరబుల్ పాయింట్, చెత్త పోగుపడే చోటు. అక్కడ ముగ్గులు వేయించారు, మొక్కలు పెట్టించారు, గోడకు దేవుళ్ల టైల్స్ అతికించారు. చెత్త పదడుగులు జరిగి ఇంకో గోడ చూసుకుంది. బండి వేళ మార్చిన చోట, లేదా అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గర డబ్బాలు ఉంచిన చోట మూల ఖాళీ అవుతుంది.

మూడోది డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలైంది. మూడు రంగుల డబ్బాలు, బండ్లు, వాటితోపాటు నెలవారీ రుసుమూ వచ్చాయి. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. ఎన్నికల్లో అదే పెద్ద అంశమైంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రద్దయింది వసూలే. బండి డీజిల్, డ్రైవరు జీతం, విరిగిన డబ్బా బదులు కొత్తది, ఇవన్నీ మున్సిపాలిటీ ఖజానా మీదే పడ్డాయి. బండి రోజూ వస్తుందా, రోజు మార్చి రోజు వస్తుందా అన్నది ఇక ఆ ఖజానాను బట్టే తేలుతుంది.