పది నెలల అడ్వాన్స్

బెంగళూరు మారతహళ్లిలో నేను ఉన్న పీజీలో ముగ్గురం ఒకే రూమ్. మిగతా ఇద్దరిలో ఒకతనిది గుంటూరు, ఇంకొకతనిది కదిరి దగ్గర పల్లె. వాళ్లిద్దరూ ఒకే కంపెనీలో ఒకే రోజు చేరారు, జీతమూ ఒకటే, చేతికి 40 వేల చిల్లర వచ్చేది. సర్వేవాళ్లు వచ్చి అడిగితే ఇద్దర్నీ ఒకే గడిలో రాసుకుని పోతారు.

రెండో ఏడు గుంటూరు అబ్బాయి ఆఫీసుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు తీసుకున్నాడు. అద్దె 22 వేలు, అడ్వాన్స్ పది నెలలది, అంటే 2 లక్షల 20 వేలు. బెంగళూరులో ఇది పాత అలవాటే, కొన్నిచోట్ల తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే సాయంత్రానికి డబ్బు అకౌంట్లో పడింది. కదిరి అబ్బాయికి అసలు ఆ ఆలోచనే లేదు. ఊళ్లో మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి, వాటికి తెచ్చిన 3 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు 6 వేలు. జీతం పడిన రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసేది, తిన్నావా నాయనా అని అడిగేది, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. ఆమె నోరు తెరవకముందే ఇతను గోడవైపు తిరిగి "పంపించినాలేమ్మా" అనేవాడు.

వర్గం అనగానే మనం జీతమెంత అని అడుగుతాం. సామాజిక శాస్త్రవేత్తలు అంతకంటే ముందుకెళ్లి, ఆ జీతం ఆగిపోతే ఏముంది అని కూడా చూస్తారు. ఆదాయం వేరు, ఆస్తి వేరు. 2022-23కి, అసమానతల మీద పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వేసిన అంచనా చూడండి: మన దేశ ఆదాయంలో పైనున్న ఒక్క శాతం మందికి 22.6 శాతం పోతే, ఆస్తిలో 40.1 శాతం వాళ్ల దగ్గరే ఉంది. కింది సగం జనాభాకు ఆదాయంలో 15 శాతమైనా దక్కింది, ఆస్తిలో మాత్రం 6.4 శాతమే.

ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న మార్క్స్ ప్రశ్న వేస్తే నా రూమ్మేట్లు ఇద్దరూ శ్రమ అమ్ముకునేవాళ్లే. నిజమే గానీ, వాళ్లిద్దరి మధ్య తేడా అందులో పట్టుబడదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ దగ్గర అది కాస్త దొరుకుతుంది. మార్కెట్లోకి ఏం పట్టుకుని దిగుతున్నావో దాన్నిబట్టే నీ జీవితావకాశాలు ఉంటాయన్నాడాయన, సమాజంలో గౌరవం మళ్లీ వేరే లెక్క అని కూడా అన్నాడు. ఆ రెండోది మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్తే తెలుగాయనే అయిన ఓనర్ జీతం సంగతి ఎత్తకముందే "నాన్‌వెజ్ తింటారా" అంటాడు, ఆయన అడిగేది కూర గురించి కాదని గుమ్మంలో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు.

నాకు బాగా దగ్గరగా అనిపించేది ఇంకో సామాజిక శాస్త్రవేత్త, పియరీ బోర్దియూ. ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి పోస్టాఫీసు ఉద్యోగి కొడుకు, పెద్ద చదువుల్లోకి వెళ్లి అక్కడివాళ్ల మాటతీరు, అభిరుచులు కూడా పెట్టుబడేనని గుర్తించాడు. డబ్బు ఒక పెట్టుబడి, తెలిసినవాళ్లు ఒక పెట్టుబడి, ఇంట్లో చిన్నప్పట్నుంచీ తెలియకుండా అబ్బే సంస్కారం ఇంకో పెట్టుబడి. కదిరి అబ్బాయి మీటింగుల్లో చెప్పాల్సిన ఇంగ్లీష్ వాక్యాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకునేవాడు, రాసి ఒకసారి చదువుకుని మ్యూట్ తీసేసరికి వాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోయేవాళ్లు. కోడ్ మాత్రం ఇద్దరిలో ఇతనే బాగా రాసేవాడు, మూడేళ్లు పక్క మంచం మీద కూర్చుని చూశాను.

తర్వాత ఒక కొత్త కంపెనీ ఇద్దరికీ ఆఫర్ ఇచ్చింది. మొదటి ఏడాది జీతం 10 వేలు తక్కువ, పని మాత్రం చాలా మంచిది. గుంటూరు అబ్బాయి చేరాడు, ఇప్పుడు అతని జీతం పాతదానికి రెండింతలు. వాడికి ధైర్యమెక్కువ అంటారు మా ఫ్రెండ్స్, నేను ఒప్పుకోను. 10 వేలు తగ్గితే వడ్డీకి ఏం చేయాలని ఒకతను లెక్క వేసుకోవాల్సి వచ్చింది, ఇంకొకతనికి ఆ లెక్కే లేదు.

పోయిన సంక్రాంతికి ఊళ్లో అప్పు తీరిపోయింది. మొన్న కదిరి అబ్బాయి ఫోన్ చేశాడు, అమ్మను తెచ్చుకుందామని ఇల్లు వెతుకుతున్నాడట. "ఐదు నెలల అడ్వాన్స్‌కి ఒప్పుకునే ఓనర్ ఎవరైనా తెలుసా అన్నా?" అని అడిగాడు.