లాకప్ డెత్: రాతలో లేని గంటల చరిత్ర

విజయవాడలోనో గుంటూరులోనో పోలీసులు తీసుకెళ్లిన మనిషి చనిపోయాడని తెలిస్తే, ఆ తర్వాతి కథ ఇంచుమించు ఒకే వరుసలో నడుస్తుంది. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మార్చురీ ముందు బంధువులు బైఠాయిస్తారు. ప్రతిపక్ష నాయకుడొకరు, కుల సంఘం నుంచి ఒకరు వచ్చి మైకుల ముందు మాట్లాడతారు. గుండెపోటు అని పోలీసులు, కొట్టి చంపారని ఇంటివాళ్లు. సాయంత్రానికి ఎస్సైని పోస్టింగ్ లేకుండా వీఆర్‌కు పంపారనో, సస్పెండ్ చేశారనో కబురు. మర్నాడు పేపర్లో చివరి వాక్యం: మెజిస్టీరియల్ విచారణకు ఆదేశించారు. చాలామంది పాఠకులకు వార్త అక్కడితో అయిపోతుంది. అసలు ఆ విచారణ ఎవరు చేస్తారు, ఎందుకు చేస్తారు, దాని వల్ల ఏమవుతుంది అన్నది అడగాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. అందులో గుంటూరు జిల్లా వాటా మనం అనుకునేదానికంటే ఎక్కువే.

1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం రైతుల్ని హింసిస్తున్నారన్న మాట బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. అప్పటికి గుంటూరు, మచిలీపట్నం జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. ముగ్గురు సభ్యులతో ఒక కమిషన్ వేశారు. కొద్ది నెలల్లో దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. 1855లో ఇచ్చిన నివేదికలో హింస పద్ధతులు పేరుపేరునా ఉన్నాయి: వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని నడుము వంచి కట్టేసి ఎండలో ఉంచడం. శిస్తు వసూలు చేసే తహసీల్దారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండేది. బకాయి కక్కించడానికి వాడిన పద్ధతే నేరం ఒప్పించడానికీ వాడేవారు. ఆ నివేదిక తర్వాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసును రెవెన్యూ నుంచి వేరు చేసింది. కంపెనీ దొరలకు తమ శిస్తు విధానం మీద నింద పడకుండా కింది నేటివ్ ఉద్యోగుల మీద పడితే చాలు అనే ధోరణి కూడా ఆ నివేదికలో కనబడుతుంది, అది వేరే సంగతి.

దాని వెంటే ఇంకో మార్పు వచ్చింది. పోలీసు దగ్గర చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టంలో, రాశారు. 1872 సాక్ష్య చట్టంలో అదే 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. ప్రపంచంలో చాలా దేశాల్లో పోలీసుకిచ్చిన వాంగ్మూలం ఎంతోకొంత చెల్లుతుంది. ఇక్కడ మాత్రం ఆ పోలీసును తయారుచేసిన ప్రభుత్వమే అతని మాట నమ్మొద్దని చట్టం చేసుకుంది. కొట్టి ఒప్పించినా లాభం లేదని తెలిస్తే కొట్టడం ఆపుతారన్నది లెక్క.

ఆ లెక్క పక్కనే ఒక సందు వదిలేశారు. అదే సాక్ష్య చట్టంలోని 27వ సెక్షన్. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, దొరకడానికి కారణమైన ఆ మాట వరకూ చెల్లుతుంది. మన ఎఫ్ఐఆర్‌లూ చార్జిషీట్లూ చదివినవాళ్లకు ఇది బాగా తెలుసు. మధ్యవర్తుల సమక్షంలో ముద్దాయి నేరం ఒప్పుకొని, దాచిన చోటు తనే చూపించగా స్వాధీనం చేసుకున్నామనే పేరా చాలా కేసుల్లో ఉంటుంది. మధ్యవర్తులు చాలాసార్లు వీఆర్వోలే.

ఈ సెక్షన్ హద్దులు గీసిన తీర్పు గుంటూరు నుంచే పోయింది. గుంటూరు సెషన్స్ కోర్టులో తేలిన గ్రామ కక్షల హత్య కేసు అది. ఒక పార్టీవాళ్లు పులిపాడు చెరువు మూల పొద్దుగూకే వేళ కాపుకాసి ఎదుటి పార్టీవాళ్లను చంపారన్నది ఆరోపణ. బల్లేన్ని ఊళ్లో ఫలానావాళ్ల గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తానని ఒక నిందితుడు చెప్పినట్టు పోలీసులు రాసుకున్నారు. కేసు అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1946 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పును లాయర్లు ఇవాళ్టికీ పులుకూరి కోటయ్య కేసు అంటారు. గడ్డివాములో దాచాననే ముక్క చెల్లుతుంది, దాంతోనే పొడిచాననే ముక్క చెల్లదు అని కౌన్సిల్ తేల్చింది. ఒక వస్తువు దొరికితే చాలు, ఒప్పుకోలు మొత్తం చెల్లుతుందంటే పోలీసుల ఒప్పించే శక్తి ఆ మాత్రం పని చేయలేకపోదు, అప్పుడు నిషేధం ఉన్నా లేనట్టే అని జడ్జీలు వ్యంగ్యంగా రాశారు కూడా.

దొంగతనం కేసుల్లోనే లాకప్ డెత్‌లు ఎక్కువగా ఎందుకు వినబడతాయో ఇక్కడే ఉంది. హత్య కేసులో సాక్షులు, ఫోరెన్సిక్ ఆధారాలు దొరకొచ్చు. బంగారం పోయిన కేసులో మాత్రం సొత్తు దొరకాలి. సొత్తు ఎక్కడుందో చెప్పాల్సింది అనుమానితుడు. చెప్పేదాకా అతన్ని అరెస్టు చూపించరు. చూపిస్తే 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేది అదే. అందుకే 'విచారణకు పిలిచాం' అనే మాట పుట్టింది. స్టేషన్‌కు వచ్చిన గంటకూ, అరెస్టు రాసిన గంటకూ మధ్య కాలం ఏ రికార్డులోనూ ఉండదు. నా దృష్టిలో ఈ సమస్య చరిత్ర అంతా ఆ రాతలో లేని గంటల్ని ఎవరి కలంతోనైనా రాయించాలనే ప్రయత్నమే. ఆ ప్రయత్నం జరిగిన ప్రతిసారీ ఆ గంటలు ఇంకో చోటికి జరిగాయి.

అనుమానితుడు ఎవరన్నది కూడా చరిత్రే నిర్ణయించింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాల్నీ తెగల్నీ పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసింది. 1911లో దాని స్థానంలో వచ్చిన చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఎరుకల కుటుంబాల కోసం స్టువర్ట్‌పురం వెలిసింది. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. సెటిల్మెంట్‌లో ఉన్నవాళ్లు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో చట్టం రద్దయింది. కానీ అలవాటు నేరస్తుల చట్టాలు, స్టేషన్‌లో అనుమానితుల పేరిట తెరిచే సస్పెక్ట్ షీట్లు దాని స్థానంలోకి వచ్చాయి. ఎక్కడో దొంగతనం జరిగితే ముందు ఏ పేటకు జీపు వెళ్తుందో కోస్తాలో ఎవరినడిగినా చెబుతారు.

ఇక చనిపోయాక జరిగే విచారణ. అనుమానాస్పద మరణమైతే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ (2024 జులై నుంచి కొత్త చట్టంలో 194) కింద పోలీసులే శవపంచనామా చేస్తారు. కస్టడీలో మరణమైతే పోలీసే పోలీసు మీద పంచనామా రాయడం కుదరదు కాబట్టి మెజిస్ట్రేట్ చేయాలి, అది 176. 1898 కోడ్‌లోనూ 1973 కోడ్‌లోనూ ఇవే నంబర్లు. అప్పట్లో మెజిస్ట్రేట్ అంటే ఇక్కడ కోర్టులో కూర్చునే జడ్జి కాడు. ఆర్డీవోనో సబ్ కలెక్టరో, అంటే శాంతిభద్రతల పనిలో రోజూ అదే పోలీసులతో కలిసి నడిచే అధికారి. బందోబస్తుకు ఎవరి మీద ఆధారపడతాడో వాళ్ల మీదే విచారణ చేయాలి. చాలా నివేదికలు పోలీసు కథనాన్నే తిరగరాసినట్టు ఉండేవంటే ఆశ్చర్యం లేదు.

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఈ చర్చను వీధిలోకి తెచ్చింది 1978 నాటి హైదరాబాద్ ఘటన. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్తను కొట్టి చంపారని నగరం భగ్గుమంది. కాల్పులూ జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు ఉందని చెప్పింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ నివేదిక తీర్పు కాదన్న సంగతి జనానికి అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు పౌరహక్కుల సంఘం తరఫున ఊరూరా తిరిగి నిజ నిర్ధారణ నివేదికలు రాశారు. లాకప్ మరణాల మీద ప్రభుత్వం రాయని చరిత్ర చాలావరకు వాటిలోనే ఉంది.

సుప్రీంకోర్టు వైపు చూస్తే మలుపు 1993లో. ఒడిశాలో 22 ఏళ్ల కుర్రాడిని ఔట్‌పోస్టుకు తీసుకెళ్లారు, మర్నాడు శవం రైలు పట్టాల మీద దొరికింది. తప్పించుకుని పారిపోయి రైలు కింద పడ్డాడన్నారు పోలీసులు. అతని తల్లి రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుని లక్షా యాభై వేల పరిహారం ఇప్పించింది. మనిషిని సొంత అదుపులో పెట్టుకున్న ప్రభుత్వమే అతని ప్రాణానికి జవాబుదారీ అన్న సూత్రం నీలబతి బెహెరా కేసుగా పేరుపడ్డ ఆ తీర్పుతో బలపడింది. అదే ఏడాది డిసెంబరులో, కొత్తగా ఏర్పడిన జాతీయ మానవ హక్కుల సంఘం కస్టడీ మరణాల్ని 24 గంటల్లో తనకు తెలపాలని ఆదేశించింది. 1995లో పోస్టుమార్టం వీడియో తీయమంది. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పు వచ్చింది: పోలీసు ఛాతీ మీద పేరు కనబడాలి, అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు వెళ్లాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. మొత్తం 11 సూచనలు. బాగున్నాయి, కానీ చాలావరకు అరెస్టు రాసిన క్షణం నుంచి మొదలయ్యేవే.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన 2005 సవరణ అసలు లోపాన్ని పట్టుకుంది. 2006 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 176(1ఎ) ప్రకారం కస్టడీలో మరణం, అదృశ్యం, అత్యాచారం జరిగితే పోలీసు దర్యాప్తుకు అదనంగా జ్యుడిషియల్ మెజిస్ట్రేట్, అంటే కోర్టులో కూర్చునే జడ్జి, విచారణ చేసి తీరాలి. శవాన్ని 24 గంటల్లో పరీక్షకు పంపాలి. వీలైనంతవరకు బంధువులకు తెలిపి, విచారణలో ఉండనివ్వాలి. 2024 జులై 1 నుంచి ఇదే, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 196వ సెక్షన్. అయినా ఆ తర్వాత కూడా చాలాచోట్ల ఆర్డీవో విచారణతోనే సరిపెట్టారు. పేపర్లో 'మెజిస్టీరియల్ విచారణ' అని చూసినప్పుడు అది ఏ మెజిస్ట్రేటో అడగడం అందుకే అవసరం.

కరోనా ఏడాది ఈ చట్టం హద్దుల్ని మన పక్కనే చూపించింది. 2020 ఏప్రిల్‌లో సత్తెనపల్లిలో మందుల కోసం బయటికొచ్చిన ఒకతన్ని చెక్‌పోస్టు దగ్గర ఆపారు, అక్కడే కుప్పకూలాడు, తర్వాత చనిపోయాడు. కొట్టారని కుటుంబం, గుండె జబ్బు ఉందని పోలీసులు. ఎస్సై సస్పెండయ్యాడు. జులైలో చీరాలలో మాస్కు లేదని పట్టుకున్న కుర్రాడు చనిపోతే, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు, కొట్టారని తండ్రి అన్నాడు. రోడ్డు మీద ఆపడం కస్టడీయా? కదులుతున్న జీపు కస్టడీయా? కోర్టులు అవునంటాయి, అదుపులో ఉంటే చాలు, గోడలు అక్కర్లేదు. అయినా స్టేషన్ డైరీలో మాత్రం అలాంటి మనిషికి చోటుండదు.

గుంటూరుకే చెందిన ఇంకో కేసు డాక్టరు పాత్రను బయటపెట్టింది. 2021 మే 14న నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసి గుంటూరు ఆఫీసుకు తెచ్చింది. రాత్రి తనను కొట్టారని ఆయన మెజిస్ట్రేటుకు చెప్పారు. గుంటూరు జీజీహెచ్ వైద్యుల బోర్డు నివేదిక ఆ మాటను సమర్థించలేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రిలో పరీక్షిస్తే కాలి వేలు విరిగినట్టు తేలింది. మే 21న బెయిలు వచ్చింది. ప్రభుత్వం మారాక 2024లో నగరంపాలెం స్టేషన్‌లో ఆయన ఫిర్యాదు మీద కేసు పెట్టారు. నిందితుల జాబితాలో సీనియర్ పోలీసు అధికారులతో పాటు అప్పటి ముఖ్యమంత్రి, జీజీహెచ్ పూర్వ సూపరింటెండెంట్ కూడా ఉన్నారు. అవన్నీ ఆరోపణలే. నిజం ఏదైనా, ఒకే శరీరం మీద రెండు ఊళ్లలో రెండు నివేదికలు వచ్చాయన్నది రికార్డు. ఎంపీ కాబట్టి వారంలో ఢిల్లీ దాకా వెళ్లగలిగాడు. సస్పెక్ట్ షీట్ ఉన్న కూలీకి మొదటి డాక్టరే ఆఖరి డాక్టరు.

బతికి బయటపడ్డవాళ్లు చెప్పగలరు, అదీ ఆలస్యంగానే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసులో దోషిగా జైలుకెళ్లిన యువకుడు ఎనిమిదేళ్లకు పైగా లోపల ఉన్నాక 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలింది, పోలీసుల తీరును తప్పుబట్టింది. అతను లాకప్‌లోనే పోయి ఉంటే ఆ ఫైలు హంతకుడు మరణించాడనే మాటతో మూతపడేది.

ఇప్పుడు ఆశంతా కెమెరాల మీద. 2020లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు విచారణకు వెళ్లిన మెజిస్ట్రేటుకు స్టేషన్‌లో ఎదురైంది ఏ రోజు ఫుటేజీ ఆ రోజే చెరిగిపోయేలా పెట్టిన సీసీ కెమెరా. అదే ఏడాది డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా అన్నిచోట్లా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, ఫుటేజీని 18 నెలలు ఉంచాలని చెప్పింది. 2025 సెప్టెంబరులో రాజస్థాన్ మరణాల వార్త చూసి కోర్టు తనంతట తనే మళ్లీ ఆ విషయం ఎత్తుకోవాల్సి వచ్చింది. కెమెరా స్టేషన్‌లో ఉంటుంది. లాడ్జి గదిలో, క్వార్టర్స్‌లో, ఊరవతల గెస్ట్‌హౌస్‌లో ఉండదు.

1985లోనే సుప్రీంకోర్టు ఒక లాకప్ మరణం కేసులో, లోపల ఏం జరిగిందో పోలీసులకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి రుజువు చేసే భారం గురించి చట్టం మార్చాలని సూచించింది. లా కమిషన్ అదే ఏడాది 113వ నివేదికలో సాక్ష్య చట్టానికి 114-బి చేర్చమంది: కస్టడీలో గాయం తగిలితే అది పోలీసు వల్లనే తగిలిందని కోర్టు భావించవచ్చు. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద భారత్ 1997లో సంతకం చేసింది, ఆమోదముద్ర ఇంకా వేయలేదు. 2010లో లోక్‌సభ దాటిన చిత్రహింసల నివారణ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. 2023లో సాక్ష్య చట్టాన్ని మొత్తం తిరగరాసి భారతీయ సాక్ష్య అధినియం అన్నారు. 25, 26, 27 సెక్షన్లు మూడూ అందులో 23వ సెక్షన్‌లో ఒకచోట చేరాయి, 27 అక్కడ ఒక మినహాయింపుగా ఉంది. 114-బి మాత్రం లేదు.