1966 భయం, 1991 తాకట్టు

స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఒక రూపాయి ఒక డాలరుతో సమానమని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. అప్పటికే డాలరు సుమారు 3 రూపాయల 30 పైసలు. మన రూపాయి అప్పట్లో బ్రిటిష్ పౌండుకు ముడిపడి ఉండేది. 1949లో పౌండు దిగితే దాని వెంటే రూపాయీ దిగి, డాలరు 4.76 రూపాయలకు చేరింది.

అసలు గాయం 1966 జూన్ 6న తగిలింది. రెండు యుద్ధాలు, కరువు, అమెరికా గోధుమలు వస్తే తప్ప నడవని రేషను. సాయం కావాలంటే రూపాయి విలువ తగ్గించాలని ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఒత్తిడి తెచ్చాయి. ఇందిరాగాంధీ ప్రభుత్వం డాలరును ఒక్కసారిగా 7.50 చేసింది. ఆశించినంత సాయం రాలేదు. కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజే తప్పుబట్టారు. మరుసటి ఏడు ఆ పార్టీ అనేక రాష్ట్రాల్లో ఓడింది. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, 'విలువ తగ్గింపు' అన్న మాటెత్తడానికే ఆ తర్వాతి ప్రభుత్వాలు జంకాయి.

1991ని ఈ జంకుతో కలిపే చదవాలి. ఎనభైలలో అప్పులు, లోటు పెరిగిపోతుంటే రూపాయిని చప్పుడు కాకుండా కొద్దికొద్దిగా జారనిచ్చారే తప్ప, చేయాల్సిన సర్దుబాటు బాహాటంగా చేయలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగబాకింది. కడప, గోదావరి జిల్లాల వాళ్లతో సహా లక్షన్నరకు పైగా భారతీయులు కువైట్ వదిలి వచ్చేశారు, వాళ్లు పంపే డబ్బూ ఆగింది. ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. 1991 జూన్ నాటికి మిగిలిన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతాయి.

ప్రధాని చంద్రశేఖర్ హయాంలోనే 20 టన్నుల బంగారం, తిరిగి కొనుక్కునే షరతుతో, స్విట్జర్లాండ్ బ్యాంకు చేతికి వెళ్లింది. జూలైలో రిజర్వ్ బ్యాంకు మరో 47 టన్నులు కుదువ పెట్టింది. దానిమీద పుట్టిన అప్పు దాదాపు 40 కోట్ల డాలర్లు.

మెజారిటీ లేని పి.వి. నరసింహారావు ప్రభుత్వం జూలై 1న రూపాయి విలువ తగ్గించింది. విమర్శలు రేగడంతో 3వ తేదీన జరగాల్సిన రెండో తగ్గింపును ఆపమన్నారు పి.వి. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఫోన్ చేసేసరికి రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్ ఆ పని ముగించేశారు. డాలరు 26 రూపాయల దగ్గరకు చేరింది. పాతికేళ్ల భయం ఆ ఉదయం పి.వి.నీ వదల్లేదు. అయినా ఆయన మన్మోహన్‌ను వదులుకోలేదు, సంస్కరణలనూ ఆపలేదు. ఆయన గొప్పతనం అక్కడే ఉందని నా నమ్మకం.

కుదువ పెట్టిన బంగారం నెలల్లోనే విడిపించారు. 1993 మార్చి నుంచి మారకపు రేటును మార్కెట్టే తేలుస్తోంది. ఒడిదుడుకులు మరీ ఎక్కువైతే రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మో, కొనో సర్దుతుంది.