మాతృ మరణాల సమీక్ష: పేర్లు తీసేశాక బయటపడ్డ నిజాలు

గర్భంతో ఉండగా గానీ, కాన్పు సమయంలో గానీ, కాన్పయ్యాక 42 రోజుల్లోపు గానీ ఆ గర్భం వల్ల, లేదా దాని వల్ల ముదిరిన జబ్బుతో స్త్రీ చనిపోతే దాన్ని మాతృ మరణం అంటారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఇలాంటి మరణాల మీద ఒక కమిటీ కూర్చుంటుంది. కేస్ షీట్ తిరగేస్తుంది, ఇంటివాళ్లతో మాట్లాడుతుంది, ఎక్కడ ఆలస్యమైందో వెతుకుతుంది. ఇంత మామూలుగా కనబడే ఈ పని మొదలవడానికి చాలా కాలం పట్టింది. వైద్యం తెలియకపోవడం ఒక కారణమైతే, నిజం చెప్పినవాళ్లకు ఏ గతి పట్టిందో అందరూ చూడటం ఇంకో కారణం.

స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో పనిచేసిన డాక్టరు అలెగ్జాండర్ గోర్డన్ 1795లో ఒక పుస్తకం అచ్చువేశారు. బాలింత జ్వరం గాలి వల్లో, వాతావరణం వల్లో రావడం లేదని, పురుడు పోసేవాళ్లే దాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్తున్నారని అందులో తేల్చి చెప్పారు. ఏ బాలింతకు ఎవరు పురుడు పోశారో పట్టిక వేసి మరీ చూపించారు. అందులో మంత్రసానుల పేర్లతో పాటు తన పేరు కూడా పెట్టుకున్నారు. చాలామందికి ఈ జబ్బు తన ద్వారానే అంటిందని రాసుకున్నారు. ఊరు ఆయన్ని మెచ్చుకోలేదు సరికదా, అక్కడ ఉండనివ్వలేదు. నావికాదళంలో చేరి వెళ్లిపోయారు.

వియన్నా ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కథ చాలామందికి తెలిసిందే. డాక్టర్లు, విద్యార్థులు కాన్పులు చేసే వార్డులో 1846లో వందకు 11 మందికి పైగా బాలింతలు చనిపోతే, మంత్రసానులు చేసే వార్డులో ముగ్గురు కూడా చనిపోలేదు. శవపరీక్ష గది నుంచి నేరుగా వార్డుకు వచ్చే చేతుల్లోనే తేడా ఉందని ఆయన పట్టుకున్నారు. 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాక మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అన్నాళ్ల చావులూ తమ ఖాతాలో పడతాయి మరి.

తర్వాత సూక్ష్మజీవుల సంగతి తెలిసింది, ఇంగ్లండ్‌లో పసిపిల్లల మరణాలు తగ్గాయి. తల్లుల మరణాలు మాత్రం 1930ల మధ్య దాకా పెద్దగా కదల్లేదు. సూక్ష్మజీవుల్ని అణిచే సల్ఫా మందులు వచ్చాకే ఆ గీత కిందికి దిగింది.

ఈలోగా 1933లో న్యూయార్క్ వైద్య అకాడమీ ఒక నివేదిక విడుదల చేసింది. ఆ నగరంలో 1930-32 మధ్య జరిగిన 2,041 మాతృ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, దాదాపు మూడింట రెండు వంతులు ఆపగలిగినవేనని తేలింది. అంతకన్నా ఇబ్బందికరమైన విషయం, వాటిలో సగానికి పైగా బాధ్యత డాక్టర్లదేనని రాయడం. సహజంగానే పెద్ద గొడవైంది.

అసలు మలుపు 1952లో ఇంగ్లండ్, వేల్స్‌లో వచ్చింది. అంతకుముందు విచారణలు లేకపోలేదు. కొత్తగా వచ్చింది గోప్యత. మరణం జరగ్గానే స్థానిక ఆరోగ్యాధికారి మంత్రసాని, కుటుంబ డాక్టరు, ఆసుపత్రి డాక్టరు నుంచి వివరాలు రాబట్టేవారు. ఆ ప్రాంతపు సీనియర్ ప్రసూతి నిపుణులు దాని మీద అభిప్రాయం రాసేవారు. నివేదికలో మాత్రం రోగి పేరు, డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు ఏదీ ఉండదు. నివేదిక తయారయ్యాక ఆ ఫారాలను నాశనం చేసేవారు. కోర్టుకు వెళ్లదన్న భరోసా దొరికాకే లోపలివాళ్లు నోరు విప్పారు. మూడేళ్లకోసారి వచ్చిన ఆ నివేదికల వల్ల వైద్యం తీరే మారింది. మత్తులో ఉండగా జీర్ణాశయంలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి తల్లులు చనిపోతున్నారని పదేపదే రాయడంతో మత్తు ఇచ్చే పద్ధతులు మారాయి. సిజేరియన్ తర్వాత రక్తం గడ్డకట్టి పోతున్నవారి లెక్క చూశాకే, 1995లో ముందుజాగ్రత్త మందులపై మార్గదర్శకాలు వచ్చాయి.

పేద దేశాల తల్లుల వైపు ప్రపంచం తిరిగి చూసింది సురక్షిత మాతృత్వంపై 1987లో జరిగిన నైరోబీ సదస్సుతోనే అనాలి. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు జాప్యాల లెక్క చెప్పారు. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరాక సరైన వైద్యం అందడంలో జాప్యం. ఎక్కువగా ప్రాణాలు తీసే రక్తస్రావం, గుర్రపు వాతం (గర్భిణులకు, బాలింతలకు బీపీ పెరిగి వచ్చే మూర్ఛలు) గంటల్లో ముగించేవి కాబట్టి ఈ చూపు బాగా పనికొచ్చింది. మలేషియా 1991లోనే ఇంగ్లండ్ తరహా విచారణ మొదలుపెట్టింది. దక్షిణాఫ్రికా 1997లో మాతృ మరణాన్ని తప్పక తెలియజేయాలని నిబంధన తెచ్చింది. మన దేశంలో కేరళ 2004లో గోప్య సమీక్షకు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇంకో అడుగు వేసింది. ఆసుపత్రిలో మరణమైతే 24 గంటల్లో, బయట జరిగితే 48 గంటల్లో తెలియజేయాలంది. సమీక్షతో ఆగకుండా, దాన్నిబట్టి చర్య కూడా తీసుకోవాలంది.

ప్రపంచవ్యాప్తంగా 2000 నుంచి 2023 మధ్య మాతృ మరణాల రేటు సుమారు 40 శాతం తగ్గింది. అయినా 2023లో దాదాపు 2,60,000 మంది తల్లులు చనిపోయారు. లక్ష సజీవ జననాలకు 197 మరణాలు. 2030 నాటికి ఇది 70కి దిగువకు రావాలన్నది లక్ష్యం.

కమిటీలు పెరిగాయి, భయం మాత్రం ఎటూ పోలేదు. మరణం జరగ్గానే ఎవరినో ఒకరిని సస్పెండ్ చేసే చోట కేస్ షీట్లు తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. తప్పు చివరికి ‘ఆలస్యంగా తీసుకొచ్చిన’ కుటుంబం మీదికి పోతుంది. నిజంగా నిర్లక్ష్యం జరిగినప్పుడు శిక్ష వద్దా అంటే, కావాలి. అయితే అది వేరే విచారణలో తేలాల్సిన విషయం. రెండూ ఒకే గదిలో నడిపితే రెండూ చెడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సమీక్షల అమలు కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, నిందలు మోపే అలవాటును ఎలా తగ్గించాలో చెప్పడానికి విడిగా ఒక భాగమే కేటాయించాల్సి వచ్చింది.