సీల్ మార్చినా గేర్‌బాక్స్ ఎందుకు కారుతోంది? పాత ట్రాలీ ఉన్నవాళ్ల కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దించి వస్తూ ఒకతను మా షెడ్డు ముందు ట్రాలీ, అదే చిన్న సరకు బండి, ఆపాడు. దిగుతూనే, "మేస్త్రీ, గేర్‌బాక్స్ వెనక సీల్ ఒక్కటి కొట్టియ్యి, మళ్ల కారుతాంది" అన్నాడు. ఆ 'మళ్ల' వినగానే నాకు తిక్క రేగుతుంది. ఎన్నోసారి అని అడిగితే మూడోసారట. నాలుగు నెలల్లో మూడు సీళ్లు, మూడు షెడ్లు. సీల్ అంటే తిరిగే షాఫ్ట్ (ఇరుసు కడ్డీ) చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. దాని ఖరీదు ఎంత, కొన్ని వందలు. దానికి మూడుసార్లు మజూరీ, మూడుసార్లు కొత్త ఆయిల్, మూడు రోజుల కిరాయి కలుపుకుంటే ఒక నెల కిస్తీ అయిపోతుంది.

వరంగల్‌లో ఇరవై ఆరేళ్లుగా గేర్‌బాక్స్ పనే చేస్తున్నాను. 'సీల్ మారిస్తే లీక్ ఆగుతుంది' అన్న ఈ ఒక్క నమ్మకం మీద మనవాళ్లు పోసినంత డబ్బు మరి దేని మీదా పోసి ఉండరు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: ఆయిల్ కారుతోందంటే సీల్ పోయినట్టే, మార్చేస్తే పని అయిపోతుంది.

ఏళ్ల తరబడి తిరిగిన బండిలో రబ్బరు గట్టిపడి, అంచు చిట్లి కారితే అది వయసు. అప్పుడు సీల్ మారిస్తే నిజంగానే ఆగుతుంది. కొత్త సీల్ నెలా రెండు నెలల్లో కారిందంటే మాత్రం దాన్ని చెడగొడుతున్నది పక్కనే ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో దొరికే దాకా ఎన్ని సీళ్లు వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

ఆ ట్రాలీ సంగతే చూడండి. కింద దూరి లైటు వేస్తే ఛాసిస్ అంతా నిగనిగలాడుతోంది. "రంగెప్పుడు వేయించినవ్?" అన్నాను. "ఫిట్‌నెస్‌కి పోయే ముందు." సరకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, పోయే ముందు కింద నల్ల రంగు కొట్టించడం మనకు మామూలే. గేర్‌బాక్స్ పైన బొటనవేలి గోరంత టోపీ ఒకటి ఉంటుంది, అదే బ్రీథర్. తడిమి చూస్తే రంగు కింద కప్పబడిపోయి, రాయిలా బిగుసుకుని ఉంది. ఆ టోపీ వేలితో తిప్పితే గలగలా కదలాలి.

గేర్‌బాక్స్ ఊపిరి తీసుకునేది దాని గుండానే. లోడు మీద ముప్పై నలభై కిలోమీటర్లు పోతే లోపల ఆయిల్‌తోపాటు గాలీ కాగుతుంది. 30 డిగ్రీలున్న గాలి 90 డిగ్రీలకు చేరితే, బయటికి దారి లేనప్పుడు, లోపలి ఒత్తిడి సుమారు ఐదో వంతు పెరుగుతుంది. టైరుకు గాలి కొట్టే లెక్కలో చెబితే అది మూడు పాయింట్లు కూడా కాదు. కానీ సీల్ అంచును షాఫ్ట్‌కు అదిమి పట్టేది వెంట్రుక లాంటి ఒక స్ప్రింగ్ చుట్టే. పైన మూసుకుపోయిన గాలి కింద సీల్ దగ్గర దారి చేసుకుంటుంది, పోతూ పోతూ ఆయిల్‌ను వెంట తీసుకుపోతుంది. ఇతని మూడు సీళ్లలో ఒక్కటీ చెడ్డది కాదు. టోపీ విప్పి, డీజిల్‌లో నానబెట్టి కడిగి బిగించాం. పని పావుగంట. అదే సీల్‌తో బండి ఇప్పటికీ తిరుగుతోంది.

ఇటుక బట్టీలకు, ఇసుకకు, గ్రానైటు క్వారీలకు తిరిగే బండ్లయితే రంగు కూడా అక్కర్లేదు, బురదా దుమ్మూ చాలు. మూసుకుపోని బ్రీథర్‌తో తిప్పలు మరో రకం. 2023 జులైలో మోరంచవాగు పొంగినప్పుడు భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన బండ్లలో గేర్ ఆయిల్ విప్పితే పాల చాయ్ కారినట్టు కారింది. కాగి ఉన్న గేర్‌బాక్స్ నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి, దొరికిన సందులోంచి నీటిని గుంజుకుంటుంది. బండి వాగులో మునిగిందంటే ఎంత కొత్త ఆయిలైనా తీసేయాల్సిందే.

బ్రీథర్ బాగానే ఉంటే రెండో అనుమానం షాఫ్ట్ మీద. సీల్ అంచు లక్షల సార్లు ఒకేచోట రాసుకుని ఇనుముకే గాడి పడుతుంది. రబ్బరు ఇనుమును కోస్తుందా అని నవ్వకండి. రబ్బరుకు అంటుకున్న దుమ్ము కోస్తుంది. పాత సీల్ పీకాక ఆ చోటును గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుందంటే ఆ గాడిలో కొత్త సీల్ ఎక్కువ రోజులు నిలవదు. షాఫ్ట్ మీద పలచటి స్లీవ్ (తొడుగు) ఎక్కించవచ్చు. లేదా, చోటుంటే, సీల్‌ను రెండు మిల్లీమీటర్లు ఇటో అటో కూర్చోబెట్టి అంచు నున్నటి చోట ఆనేలా చేయవచ్చు. మేస్త్రీ సీల్ కొట్టే ముందు గోరు పెట్టి చూశాడా లేదా, మీరే పక్కన నిలబడి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మూడోది ఊగుడు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను గేర్‌బాక్స్ దగ్గర రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఎత్తండి. 'టిక్కు టిక్కు'మని ఆడితే వెనక బేరింగో బుష్షో అరిగింది. ఆ షాఫ్ట్ చివర మడత పడే క్రాస్ జాయింట్ లూజుగా ఉన్నా అంతే, ఆ అదురు అంతా సీల్ మీదే పడుతుంది. షాఫ్ట్ గుండ్రంగా తిరగకుండా ఊగుతూ తిరిగితే ఏ సీల్ మాత్రం ఏం చేస్తుంది?

నాలుగోది చెప్పడానికి నాకే సిగ్గు. షెడ్డు పెట్టిన కొత్తలో మా మేనమామ బండికి నేనే రెండుసార్లు గేర్‌బాక్స్ ముందు సీల్ మార్చాను. అసలు కారుతున్నది గేర్‌బాక్సే కాదు, ఇంజిన్ వెనక సీల్. ఆ రెండు సీళ్లు కారినా ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు, అదే బెల్ హౌసింగ్, కిందే చుక్కలు పడతాయి. మా ఉస్తాద్ వచ్చి చుక్క వేలికి రాసుకుని వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది గేర్ ఆయిలారా?" అని నెత్తి మీద ఒకటి మొట్టాడు. గేర్ ఆయిల్‌లో గంధకం ఉంటుంది, దీపావళి మందులాంటి ఘాటు. డీజిల్ బండి ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండి మసి వాసన వేస్తుంది. అప్పటి నుంచీ నా దగ్గర పని నేర్చుకునే పిల్లలందరికీ ముందు కళ్లు మూసి వాసన పరీక్షే.

లీక్ ఎక్కడో తేల్చుకోవాలంటే ఇంట్లో కూడా చేసుకోవచ్చు. గేర్‌బాక్స్ చల్లారాక కిందిభాగం డీజిల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసే పౌడర్ చల్లండి. ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చి లైటు వేసి చూస్తే తెల్లటి పొడి మీద తడి చార ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. చుక్క పడేచోటు చూసి మోసపోకండి. నడిచే బండిలో గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది కాబట్టి మూలం ఎప్పుడూ చుక్క కన్నా ముందూ పైనా ఉంటుంది. ఒక్క మాట, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. స్టాండ్లు లేకపోతే టైర్ల మధ్య గుంత వచ్చేలా బండి నిలిపే చోటు చూసుకోండి, లేదా షెడ్డుకు రండి.

మిగతావి గబగబా.

90 నంబరు గేర్ ఆయిల్ బదులు ఇంకా చిక్కటి 140 పోస్తే కారదంటారు. కారుతుంది, కాస్త నెమ్మదిగా. చలికాలం పొద్దున గేర్ పడక మీ భుజం నొప్పి పుడుతుంది, బేరింగ్‌లకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. ఇంకొందరు, ఇంజిన్ ఆయిల్ 40 కాబట్టి గేర్ ఆయిల్ 90 దానికి రెండింతల చిక్కన అనుకుంటారు. ఆ అంకెల కొలబద్దలు వేరు వేరు. కాగినప్పుడు రెండూ దాదాపు ఒకే చిక్కదనం. గేర్ ఆయిల్ డబ్బా మీద ఉండే రకాల్లో జీఎల్-5 అంటే జీఎల్-4 కన్నా మంచిదనీ కాదు, అందులో ఎక్కువగా ఉండే గంధకం మందు కొన్ని పాత గేర్‌బాక్స్‌లలోని ఇత్తడి రింగులకు పడదు. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయించండి.

జాయింటు మధ్య పెట్టే ప్యాకింగ్ బదులు సిలికాన్ పేస్టు మందంగా రాస్తే గట్టిగా ఉంటుందన్నది మరో భ్రమ. బయటికి ఎంత ఉబ్బిందో లోపలికీ అంతే ఉబ్బుతుంది. ఆ ముక్క తెగి ఆయిల్ దారిలో పడితే అప్పుడు తెలుస్తుంది.

ఇక టెన్షన్ పడేవాళ్లకు. పొద్దున లేచి బండి కింద నల్లమరక చూసి, గేర్‌బాక్స్ మొత్తం దించాలేమో, అప్పు ఎక్కడ తేవాలో అని రాత్రంతా నిద్ర పట్టని వాళ్లు ఫోన్ చేస్తుంటారు. వాళ్ల భయం నాకు తెలుసు, బండి ఆగితే ఇల్లు ఆగుతుంది. జాయింటు దగ్గర తడిగా, దుమ్ము అంటుకుని ఉండి చుక్క పడకపోతే అది చెమట. తుడిచి కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. చుక్కలు పడుతుంటే ముందు లెవెల్ చూసి, తక్కువైతే పోసుకుని, ఆ వారంలో ఎప్పుడైనా రండి. క్లచ్ జారుతూ కాలిన వాసన వస్తున్నా, గేర్‌లో గుయ్‌మని మోత మొదలైనా మాత్రం బండి అక్కడే ఆపండి. ఇంజిన్‌కు ఉన్నట్టు దీనికి ఎర్ర లైటు ఉండదు.

లెవెల్ చూడటానికి మన బండ్లలో చాలావాటికి గేజు కడ్డీ కూడా ఉండదు. బండి చదునుగా నిలబెట్టి, పక్కనున్న నింపే ప్లగ్ విప్పి చిటికెనవేలు పెట్టాలి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. 'ఇంకో లీటరు పోస్తే మంచిదే కదా' అని పంపుతో కొట్టి వెంటనే ప్లగ్ మూసేవాళ్లున్నారు. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి మళ్లీ సీల్ దగ్గరే బయటికొస్తుంది.

సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్లు ముందు ఆ నింపే ప్లగ్ విప్పి, అది వస్తుందని చూసుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్ మీద చెయ్యి వేయండి. పరకాల నుంచి ఒక తమ్ముడు ఆదివారం పూట ఆయిలంతా బకెట్లోకి దించేశాడు. నింపే ప్లగ్ తుప్పుపట్టి అరిగిపోయింది, పానా జారిపోతోంది. ఫోన్లో, "అన్నా, తీసిన ఆయిల్ మళ్ల కింది నుంచి ఎక్కియ్యొచ్చా?" అని అడిగాడు. ట్రాక్టరుకు తాడు కట్టి ట్రాలీని నా దగ్గరికి లాక్కొచ్చేసరికి సాయంత్రం ఆరయింది.